సొంతూరి టీమ్‌లో ఒకటో నంబర్: డెరిక్ రోజ్ మోకాలు మనకు చెప్పేది

(మొన్న శుక్రవారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలివి. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్లు చదువుకోవడానికి ఇక్కడ పెడుతున్నాం. మాట్లాడినట్టే ఉంచాం, అక్కడక్కడ మాత్రం సరిచేశాం.)

 

ఈసారి వీసాల ముచ్చట కాదు, టికెట్ల ముచ్చట కాదు. ఒక ఆటగాని కథ చెప్తా. క్రికెట్ కాదు, కబడ్డీ కాదు, బాస్కెట్‌బాల్. 'ఈయనకేమైంది, సెంట్రింగ్ లెక్కలు చెప్పుకునేటాయన బాస్కెట్‌బాల్ మీద పడ్డడు' అని నవ్వకండి. చివరిదాకా వినండి. ఇది ఆట కథ కంటే మోకాలి కథ. మన సైట్లల్ల మోకాలు నొప్పి లేనోడు ఎవడున్నడు చెప్పండి.

నాకు ఈ ఆట నేర్పింది మా క్యాంపులో ఉండే ఫిలిప్పీన్ వాళ్లు. దోహాలో ఏ లేబర్ క్యాంపుకు పోయినా చూస్తారు. శుక్రవారం సాయంత్రం మనోళ్లు ఖాళీ జాగాలో క్రికెట్ ఆడుతుంటే, వాళ్లు ఒక స్తంభానికి ఇనుప రింగు కట్టి బంతి వేస్తుంటారు. మా సైట్‌లో స్టీల్ ఫిక్సర్ల ఫోర్‌మన్ కూడా ఫిలిప్పీన్ ఆయనే. ఆయనకొక ఎర్ర బనియన్ ఉంది. ఉతికి ఉతికి రంగు పోయింది. వెనుక 'రోజ్' అని పేరు, కింద ఒకటి అంకె. ఒకసారి అడిగిన, ఎవరీయన, కప్పులు గెలిచినోడా అని. 'లేదు బాస్, ఒక్క కప్పు కూడా లేదు. దెబ్బ తగిలింది' అన్నడు. మరి గెలవనోడి బనియన్ ఎందుకు వేసుకుంటున్నవ్ అంటే, ఆయన ఏం చెప్పలేదు. ఫోన్ తీసి ఒక వీడియో చూపించిండు. దాంట్లో ముప్పై ఏండ్ల మనిషి, కోర్టు మధ్యలో నిలబడి, చిన్నపిల్లగాని లెక్క ఏడుస్తున్నడు. చుట్టూ ఉన్న జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నరు.

ఆ రోజు నుంచి ఆయన గురించి దొరికింది దొరికినట్టు చూసిన, చదివిన. ఆయన పేరు డెరిక్ రోజ్. ఊరు అమెరికాలో షికాగో. ఆడింది కూడా ఎక్కువకాలం షికాగో బుల్స్ టీమ్‌కే. అంటే సొంత ఊరి టీమ్.

ముందు ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. రోజ్ 1988 అక్టోబర్ 4న పుట్టాడు. షికాగో దక్షిణం వైపు ఇంగిల్‌వుడ్ అనే పేటలో పెరిగాడు. ఎక్కువగా నల్లజాతి వాళ్లుండే పేట. వాళ్లు మొదటినుంచి అక్కడివాళ్లు కాదు. 1910 ప్రాంతం నుంచి 1970 దాకా సుమారు 60 లక్షల మంది నల్లజాతి జనం అమెరికా దక్షిణ రాష్ట్రాలు వదిలి ఉత్తరాది నగరాలకు వలస పోయారు. పత్తి చేన్లలో కూలి వదిలిపెట్టి, అక్కడి జాతి వివక్షకు దూరంగా, రైళ్లెక్కి షికాగో దాకా వచ్చారు. ఉక్కు ఫ్యాక్టరీల్లో, పశువుల కబేళాల్లో పనికి కుదిరారు. తర్వాత ఆ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పని పోయింది, పేదరికం మిగిలింది, దానితో పాటు తుపాకులు వచ్చాయి. వలస అంటే ఏందో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు కదా. ఆ పేట కూడా మన లెక్కనే బతుకుదెరువు కోసం వచ్చినోళ్ల పేట.

తల్లి పేరు బ్రెండా. నలుగురు కొడుకుల్లో డెరిక్ అందరికన్నా చిన్నవాడు. ముగ్గురు అన్నలే ఆట నేర్పారు. వీధిలో చెడు సావాసాలు పట్టకుండా కాపలా కాసింది కూడా వాళ్లే. మన దగ్గర అన్న గల్ఫ్‌కు పోయి తమ్మున్ని చదివిస్తడు చూడండి, ఆ ప్రేమ లాంటిదే అది.

చదివిన బడి సిమియన్. వృత్తి విద్యా స్కూల్‌గా మొదలైన బడి అది. నేను ఐటీఐ చదివినోన్ని కాబట్టి ఆ మాట దగ్గర ఆగిపోయిన. ఆ బడిలో రోజ్ వేసుకున్న నంబర్ 25. దాని వెనుక ఒక కథ ఉంది. బెన్ విల్సన్ అని అదే బడి పిల్లగాడు, దేశం మొత్తంలోనే గొప్ప హైస్కూల్ ఆటగాడు అనిపించుకున్నవాడు. 1984 నవంబర్‌లో బడి దగ్గరే కాల్చి చంపారు. అప్పటికి 17 ఏండ్లు. ఆయన నంబరే 25. రోజ్ ఆ నంబర్ మోసుకుంటూ ఆ బడికి 2006లో, 2007లో వరుసగా రెండుసార్లు రాష్ట్ర టైటిల్ తెచ్చాడు. షికాగో ప్రభుత్వ బడుల్లో అట్లా వరుసగా గెలిచిన మొదటి బడి అదే.

తర్వాత ఒక్క ఏడాది మెంఫిస్ యూనివర్సిటీకి ఆడాడు. అక్కడ జాతీయ ఫైనల్ దాకా పోయి ఓడిపోయారు. 2008లో ఎన్‌బీఏకి వచ్చాడు. అక్కడ కొత్త ఆటగాళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఓడిపోయిన టీమ్‌లకు లాటరీ తీస్తారు. అప్పట్లో ఎంత అడుగున ఉంటే మొదటి వంతు వచ్చే అవకాశం అంత ఎక్కువగా ఉండేది. ఆ ఏడాది బుల్స్ మరీ అడుగున లేదు. మొదటి వంతు వచ్చే అవకాశం 1.7 శాతం. అంటే వెయ్యి చీటీల్లో 17 చీటీలు బుల్స్‌వి. అందులో ఒకటి తగిలింది. ఆ లాటరీతో షికాగో పిల్లగాన్ని షికాగోనే తీసుకుంది.

బుల్స్ అంటే మైకేల్ జోర్డాన్ టీమ్. 1991 నుంచి 1998 మధ్యలో ఆరు కప్పులు గెలిచింది. ఆయన పోయాక పదేండ్లు ఆ ఊరు ఎదురుచూస్తూనే ఉంది. ఇంటి పిల్లగాడు వచ్చాడంటే ఎంత బరువు ఆ భుజాల మీద పడుతుందో చూడండి. పరాయి ఊర్లో పని చేసేటోడు తప్పు చేస్తే మేనేజర్ ఒక్కడే తిడతడు. సొంత ఊర్లో తప్పు చేస్తే మొత్తం ఊరు మాట్లాడుతది.

రోజ్ ఆ బరువు మోశాడు. మొదటి ఏడాదే కొత్త ఆటగాళ్లలో మేటి అవార్డు తెచ్చుకున్నాడు. ప్లేఆఫ్స్‌లో మొదటి మ్యాచ్ బోస్టన్ మీద, వాళ్ల ఊర్లోనే. అందులో 36 పాయింట్లు, 11 అసిస్టులు. కొత్త ఆటగాడు మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌లో కొట్టిన పాయింట్లలో కరీం అబ్దుల్ జబ్బార్ పేరున్న రికార్డును సమం చేశాడు.

ఆట ఎట్లా ఉండేదంటే, కబడ్డీలో మంచి రైడర్‌ను గుర్తు తెచ్చుకోండి. ఎదురుగా ఏడుగురు ఉన్నా ఒక్క క్షణం కుడికి వంగి, ఎడమకు తిరిగి, గీత దాటి వస్తడు కదా. రోజ్ అట్లా పొడుగాటోళ్ల గుంపు మధ్యలోకి దూసుకుపోయి, గాల్లోకి లేచి, గాల్లోనే దారి మార్చుకుని బంతి వేసేవాడు. చూస్తే ఒళ్లు పులకరిస్తది. కానీ సెంట్రింగ్ పనిచేసినోన్ని కదా, నాకు ఇంకో సంగతి కనిపించింది. అంత ఎత్తు ఎగిరి దిగినప్పుడల్లా ఆ లోడ్ మొత్తం రెండు మోకాళ్ల మీద పడుతున్నది.

2010 సీజన్‌కు ముందు విలేకరులతో మాట్లాడుతూ, నేనెందుకు ఎంవీపీ కాకూడదు అని అడిగాడు. ఎంవీపీ అంటే లీగ్ మొత్తంలో ఆ ఏడాది అందరికన్నా విలువైన ఆటగాడు. కొందరు నవ్వారు. ఆ ఏడాది బుల్స్ 82 మ్యాచ్‌లలో 62 గెలిచింది. రోజ్ సగటున మ్యాచ్‌కు 25 పాయింట్లు కొట్టాడు. 22 ఏండ్లకే ఎంవీపీ అయ్యాడు. అంత చిన్న వయసులో ఆ అవార్డు ఇంకెవరికీ రాలేదు. బుల్స్‌లో అయితే జోర్డాన్ తర్వాత ఆయనకే వచ్చింది. మొదటి మూడు సీజన్లలో 246 మ్యాచ్‌లుంటే 240 ఆడాడు. మన భాషలో చెప్పాలంటే టైమ్‌షీట్‌లో ఆబ్సెంట్ లేని మనిషి. కాంట్రాక్ట్ కూడా పెద్దది దొరికింది. ఐదేండ్లకు 9 కోట్ల డాలర్లకు పైనే.

ఇక అసలు సంగతికి వస్తున్నా.

తర్వాతి సీజన్ 66 మ్యాచ్‌లకు తగ్గింది. యాజమాన్యాలకు, ఆటగాళ్లకు పంచాయితీ జరిగి ఆలస్యంగా మొదలైంది. తక్కువ రోజుల్లో ఎక్కువ మ్యాచ్‌లు కుక్కారు. రోజ్‌కు ఆ ఏడాది ఒకదాని వెంట ఒకటి దెబ్బలు: కాలివేలు, నడుము, గజ్జ, పాదం, చీలమండ. 27 మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. ఒళ్లు చెప్తనే ఉన్నదన్నమాట.

2012 ఏప్రిల్ 28. ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్, ఫిలడెల్ఫియా మీద, షికాగోలోనే. మ్యాచ్ అయిపోవడానికి నిమిషంన్నర కూడా లేదు. బుల్స్ 12 పాయింట్లు ముందుంది. రోజ్ 23 పాయింట్లు కొట్టి ఇంకా కోర్టులోనే ఉన్నాడు. బంతి పట్టుకుని లోపలికి దూసుకుపోయి, రెండు కాళ్ల మీద ఆగి పైకి లేచాడు. దిగేటప్పుడు ఎడమ మోకాలు పట్టుకుని కింద పడిపోయాడు. ఇరవై వేల మంది ఉన్న హాలులో చప్పుడు లేదు.

ఏసీఎల్ తెగింది. అదేందో మన భాషలో చెప్తా. స్కాఫోల్డింగ్ కట్టినప్పుడు నిలువు పైపులుంటయి, అడ్డ పైపులుంటయి. వాటితో నిలబడ్డట్టే కనిపిస్తది. కానీ ఏటవాలుగా క్రాస్ బ్రేస్ కొట్టకపోతే ఏమైతది? మనిషి పైకెక్కి పక్కకు తిరిగిండంటే మొత్తం ఊగుతది. మోకాలిలో ఎముకల మధ్య ఏటవాలుగా ఉండే ఈ లిగమెంట్ కూడా క్రాస్ బ్రేస్ లాంటిదే. అది తెగినా నేరుగా నడవొచ్చు. వాపు తగ్గాక 'బాగైంది' అనిపిస్తది. పక్కకు తిరిగినప్పుడు, ఆగినప్పుడు, మెట్టు దిగినప్పుడు జారుతది. అందుకే ఈ దెబ్బను బయట నుంచి చూసి బాగైందని చెప్పేటోని మాట నమ్మొద్దు.

అక్కడ ఇప్పటికీ ఆగని వాదన ఒకటుంది. 12 పాయింట్లు ముందున్నప్పుడు, నిమిషంన్నర కూడా లేనప్పుడు, దెబ్బలతో ఉన్న మనిషిని కోచ్ ఎందుకు కోర్టులో ఉంచాడు? కోచ్ పేరు టామ్ థిబోడో. ముఖ్యమైన ఆటగాళ్లను ఎక్కువసేపు ఆడిస్తాడని పేరు. ఆయనను తిట్టినోళ్లు చాలామంది. నేను మాత్రం తిట్టలేను. గెలుపు చేతి దాకా వచ్చినప్పుడు, ఇంకొంచెం, ఇదొక్కటి అయిపోనీ అనిపిస్తది. నేనూ సూపర్‌వైజర్‌నే. ఆ 'ఇదొక్కటి అయిపోనీ' నా నోట్లో నుంచి కూడా వచ్చింది. అది చెప్పడానికే ఈ ఎపిసోడ్ పెట్టుకున్న. ముందు రోజ్ కథ ఇంకొంచెం కానివ్వండి.

ఆపరేషన్ అయింది. 2012-13 సీజన్ మొదలైంది. 2013 మార్చికి వచ్చేసరికి డాక్టర్లు ఆడొచ్చు అన్నారని వార్తలు బయటికొచ్చాయి. టీమ్‌తో ప్రాక్టీస్ చేస్తున్నాడు, ఎగురుతున్నాడు. కానీ మ్యాచ్‌కు దిగలేదు. నా మనసుకు, నా కాలికి ఇంకా నమ్మకం కుదరలేదు అన్నట్టుగా ఆగిపోయాడు. ఆ సీజన్ మొత్తం ఒక్క మ్యాచ్ ఆడలేదు. మిగతా ఆటగాళ్లు దెబ్బలతోనే, జ్వరాలతోనే ఆడి రెండో రౌండ్ దాకా తీసుకుపోయారు. దానితో ఊరు మారిపోయింది. నిన్న దేవుడన్నవాళ్లే పిరికోడన్నారు. పైసలు తీసుకుంటూ కూర్చున్నాడన్నారు. రేడియోల్లో, పేపర్లలో అదే మాట. సొంత ఊరి ప్రేమ ఎంత వేడిగా ఉంటదో, కోపం కూడా అంతే.

ఇప్పుడు నా సంగతి.

చానా ఏండ్ల కింద, అప్పటికి నేను ఫోర్‌మన్‌ను. మా గ్యాంగులో ఒక షట్టరింగ్ కార్పెంటర్ ఉండె. మా పక్క మండలం పిల్లగాడే. నన్ను అన్నా అని పిలిచేటోడు. ఒకరోజు నిచ్చెన దిగుతుంటే ఆఖరి మెట్టు మీద కాలు తిరిగింది. మోకాలు వాచింది. కంపెనీ చెప్పిన క్లినిక్‌కు పంపిన. ఎక్స్‌రే తీసిండ్రు, ఎముక విరగలేదు అన్నరు, నొప్పి గోలీలు ఇచ్చి కొన్ని రోజుల రెస్ట్ రాసిండ్రు. రెస్ట్ అయిపోయాక 'ఫిట్' అని కాగితం ఇచ్చిండ్రు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తది గాని లిగమెంట్ కనిపించదని నాకప్పుడు తెల్వదు.

ఆ వారమే స్లాబ్ కాస్టింగ్ ఉంది. కాంక్రీట్ బుక్ అయింది. మనుషులు తక్కువున్నరు. పైనుంచి నాకు ఫోన్ మీద ఫోన్. పిల్లగాడు నా దగ్గరకొచ్చి, 'అన్నా, నడుస్తున్న గాని తిరిగినప్పుడు మోకాలు జారుతున్నట్టుంది' అన్నడు. నేనేమన్న? 'కాగితం ఫిట్ అని ఉంది కద తమ్మీ. నువ్వేం బరువు మొయ్యకు, ఊకె నిలబడి చూసుకో. ఈ ఒక్క స్లాబ్ అయిపోనీ, తర్వాత నేనే సెలవు ఇప్పిస్త' అన్న. వాడు నా ముఖం చూసి సరే అన్నడు. అప్పు తీరలేదు వానికి. ఏజెంటుకిచ్చిన పైసలు ఇంకా మిగిలే ఉన్నయి. కాదనే ధైర్యం ఎక్కడి నుంచి వస్తది?

కాస్టింగ్ రాత్రి, ప్రాప్‌లు చూసుకుంటూ వంగి పక్కకు తిరిగిండు. మోకాలు పోయింది. ఈసారి పెద్ద దవాఖానకు పోతే ఎంఆర్ఐ తీసిండ్రు. అప్పుడు తెలిసింది, లిగమెంట్ ముందే తెగి ఉందని. నేను నిలబెట్టినందుకు లోపల మెత్త కూడా చినిగింది. వాడు ఇంటికి పోయిండు. మళ్ల రాలేదు. ఇప్పుడు ఊర్లో చిన్న కిరాణా దుకాణం పెట్టుకున్నడు. దసరాకు ఫోన్ చేస్తడు, ఇప్పటికీ అన్నా అనే పిలుస్తడు. ఒక్కనాడు కూడా నన్ను ఒక మాట అనలేదు. ఆ అననిదే నాకు ఎక్కువ బాధ.

అందుకే రోజ్ ఆ సీజన్ మొత్తం కూర్చున్నాడని చదివినప్పుడు, అందరూ పిరికోడన్న దగ్గర నేను ఆగిన. డాక్టర్ కాగితం ఫిట్ అంటది. కంపెనీ రా అంటది. ఊరు రా అంటది. తోటోళ్లు నొప్పులతోనే పని చేస్తున్నరు. వీళ్లందరి ముందు 'నాకింకా కుదరలేదు' అన్న మాట అనడానికి ఎంత గుండె కావాలె? మా తమ్మునికి ఆ మాట అనే వీలు లేదు. రోజ్‌కు ఉంది, అన్నాడు. మనం అనుకునే ధైర్యం మొత్తం నొప్పి పంటి కింద పెట్టుకుని పని చేయడంలోనే ఉందనుకుంటం. ఆగడంలో కూడా ఉంటది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. రోజ్‌కు ఆడకపోయినా జీతం వచ్చింది. మనకు డ్యూటీ లేకపోతే ఓటీ పోతది, ఇంటికి పంపే పైసలు తగ్గుతయి. ఆయనను మనతో పోల్చి, మీరు కూడా ఏడాది కూర్చోండి అని నేను చెప్పను. చెప్తే అది అన్నం తినేటోని మాట కాదు. కానీ ఆయన అంత జాగ్రత్త పడ్డా ఏమైందో చూడండి.

2013 అక్టోబర్‌లో తిరిగి వచ్చాడు. పది మ్యాచ్‌లు. పదో మ్యాచ్ నవంబర్ 22న పోర్ట్‌లాండ్‌లో. ఈసారి కుడి మోకాలు, మెనిస్కస్. అంటే రెండు ఎముకల మధ్య ఉండే మెత్త, మనం బేస్ ప్లేట్ కింద పెట్టే ప్యాకింగ్ లాంటిది. సీజన్ పోయింది. 2015 ఫిబ్రవరిలో మళ్లీ అదే కుడి మోకాలు, మళ్లీ ఆపరేషన్. దెబ్బ తగిలాక బుల్స్‌తో నాలుగు సీజన్లలో 328 మ్యాచ్‌లు ఉంటే 127 ఆడగలిగాడు. ముందు 246లో 240, తర్వాత 328లో 127. ఆ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటే మిగతా కథ చెప్పనక్కర లేదు.

మధ్యలో 2014లో ఒక మాటన్నాడు. ఆట అయిపోయాక కూడా నాకు బతుకుంది, నా కొడుకు చదువు పూర్తయ్యే వేడుకకు పోయిన రోజు ఒళ్లు నొప్పులతో కూర్చోవద్దు, ఆ ఆలోచనతో కూడా ఆగుతున్నా అన్న అర్థంలో. దానికి ఇంకా తిట్టారు. కోట్లు తీసుకుని ఇవేం మాటలని. నాకైతే ఆ మాట మన క్యాంపు మాటే అనిపించింది. నలభై ఐదేండ్లకే టాయిలెట్‌లో కూర్చోలేని మేస్త్రీలను, బిడ్డ పెండ్లిలో పీటల మీద కూర్చోవడానికి కుర్చీ వేయించుకున్నోళ్లను నేను చూసిన. ఆట అయిపోయాక బతకాల్సిన బతుకు, కాంట్రాక్ట్ అయిపోయాక బతకాల్సిన బతుకు రెండూ ఒకటే. దాని గురించి ఆలోచించడం తప్పెట్లయితది?

మధ్యలో మెరుపులు కూడా ఉన్నాయి. 2015 మే 8, షికాగోలో, లెబ్రాన్ జేమ్స్ ఉన్న క్లీవ్‌లాండ్ మీద. స్కోరు సమానం. ఆఖరి క్షణం. రోజ్ దూరం నుంచి వేసిన బంతి బోర్డుకు తగిలి రింగులో పడింది, 99-96. ఊరు పిచ్చెక్కిపోయింది. రోజ్ ముఖంలో మాత్రం నవ్వు కూడా లేదు. ఆ సిరీస్ చివరకు ఓడిపోయారు. 2016 జూన్‌లో బుల్స్ ఆయనను న్యూయార్క్‌కు ఇచ్చేసింది. అక్కడ టీమ్ మార్చుకోవడం అంటే మన దగ్గర ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పంపించినట్టే. బ్యాగు సర్దుకుని పోవుడే.

న్యూయార్క్‌లో మళ్లీ 25 నంబర్ తీసుకున్నాడు, బెన్ విల్సన్ నంబర్. తర్వాత క్లీవ్‌లాండ్. అక్కడ ఉండగా ఒకసారి ఆట మానేద్దామా అని టీమ్ వదిలి కొన్ని రోజులు వెళ్లిపోయాడు. 2018 ఫిబ్రవరిలో ఆయన్ను యూటాకు ఇచ్చారు. యూటా ఒక్క మ్యాచ్ ఆడించకుండానే వదిలేసింది. అప్పుడు పిలిచింది ఎవరో తెలుసా? థిబోడో. నిమిషంన్నర దగ్గర ఆయనను కోర్టులో ఉంచాడని ఊరంతా తిట్టిన ఆ కోచ్, అప్పటికి మిన్నెసోటాలో ఉన్నాడు. రోజ్ పోయాడు. తర్వాత 2021లో న్యూయార్క్‌లో కూడా మళ్లీ ఆయన దగ్గరే ఆడాడు. బయటోళ్లు లెక్కలు కట్టుకుంటనే ఉన్నరు. వాళ్లిద్దరి మధ్య లెక్క వేరే ఉన్నట్టుంది.

2018 అక్టోబర్ 31. మిన్నెసోటాలో ఇద్దరు ముఖ్య ఆటగాళ్లు లేరు. రోజ్‌ను మొదటి నుంచి దింపారు. ఎదురుగా ఎవరు? ఆయనను వద్దని వదిలేసిన యూటా. ఆ రాత్రి ఆ మోకాళ్లతోనే 50 పాయింట్లు కొట్టాడు. ఎంవీపీ అయిన ఏడాదిలో కూడా అన్ని కొట్టలేదు. ఆఖరి సెకన్లలో ఎదుటివాళ్ల షాటును కూడా అడ్డుకున్నాడు. 128-125తో గెలిచారు. మా ఫోర్‌మన్ ఫోన్‌లో చూపించిన వీడియో అదే. ఆ ఏడుపు అదే.

ఆ తర్వాత డెట్రాయిట్, న్యూయార్క్, మెంఫిస్. పెద్ద హీరోగా కాదు, అవసరమైనప్పుడు లోపలికి వచ్చి పని చేసి పోయే అనుభవమున్న మనిషిగా. చిన్నోళ్లకు నేర్పుతూ ఆడాడు. నాకు ఆ సంవత్సరాలు కూడా ఇష్టమే. 2024 సెప్టెంబర్‌లో, 35 ఏండ్ల వయసులో ఆట ఆపేశాడు. ఆడిన ఊర్ల పేపర్లలో ధన్యవాదాలు చెప్తూ ప్రకటనలు ఇచ్చాడు. 2025 జనవరిలో షికాగో ఆయన పేరు మీద ఒక రాత్రి పెట్టింది. ఆ రోజుల్లోనే బుల్స్ చెప్పింది, ఒకటో నంబర్ ఇక ఎవరికీ ఇవ్వం, హాలు పైకప్పుకు కడతాం అని. అంతకుముందు ఆ టీమ్ అట్లా పక్కన పెట్టిన ఆటగాళ్ల నంబర్లు నాలుగే: జెర్రీ స్లోన్, బాబ్ లవ్, మైకేల్ జోర్డాన్, స్కాటీ పిప్పెన్. జోర్డాన్, పిప్పెన్‌లకు ఆరేసి కప్పులు. రోజ్‌కు ఒక్కటీ లేదు.

ఎందుకు కడతారు మరి? ఒకటి, ఆయన ఊరిని మర్చిపోలేదు. 2014లో షికాగోలో బడి అయిపోయాక పిల్లలకు పని నేర్పే సంస్థకు పది లక్షల డాలర్లు ఇచ్చాడు. అదే ఏడాది డిసెంబర్‌లో, పోలీసుల చేతిలో ఊపిరాడక చనిపోయిన నల్లజాతి మనిషి ఆఖరి మాట రాసిన చొక్కా వేసుకుని కోర్టులోకి వచ్చాడు. పెద్ద ఆటగాళ్లు అట్లాంటి వాటికి భయపడే రోజుల్లో.

ఇంకోటి నా సొంత అభిప్రాయం. ఆ ఊరికి తాను చేసింది గుర్తొచ్చింది. ఇరవై రెండేండ్ల పిల్లగాని మీద ఎంత బరువు పెట్టామో, విరిగినప్పుడు ఎంత తొందరపెట్టామో, ఆగినందుకు ఎన్ని మాటలన్నామో. ఆ నంబర్ పైకి కట్టడంలో అభిమానం ఉంది, కొంత క్షమించమని అడగడం కూడా ఉంది. నా దగ్గర పైకప్పుకు కట్టడానికి నంబర్ లేదు. అందుకే ఈ మాట చెప్తున్న.

ఇప్పుడు నేను చేసేది ఒక్కటి. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో హెల్మెట్, బెల్టు చెప్పాక చివర్లో అడుగుత, 'ఎవరికైనా ఒంట్లో బాగలేదా? చెప్పినోని పేరు నేను రాసుకోను' అని. మొదట్లో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నరు. పని ఏం ఆగలేదు.

వినే తమ్ముళ్లకు నాలుగు మాటలు. దెబ్బ తగిలిన రోజే సూపర్‌వైజర్‌కు చెప్పండి, వాట్సాప్‌లో కూడా ఒక మెసేజ్ పెట్టండి, తారీఖు ఉంటది. క్లినిక్ ఇచ్చిన ప్రతి కాగితం ఫోటో తీసి ఇంటికి పంపండి. మోకాలు జారుతున్నట్టు, తాళం పడ్డట్టు అనిపిస్తే, ఎక్స్‌రే బాగుందన్నా సరే, లిగమెంట్ చూడమని డాక్టర్‌ను అడగండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి, చదివి చెప్పేటోన్ని పిలవండి.

నాలాంటి సూపర్‌వైజర్లకు, ఫోర్‌మన్లకు ఒక్కటే మాట. స్లాబ్ రేపు కూడా పోయొచ్చు.

2027లో బాస్కెట్‌బాల్ వరల్డ్ కప్ ఇక్కడే, మన దోహాలోనే జరుగుతది. అప్పటికి ఆట కొంచెం నేర్చుకుని ఉండండి, ఫిలిప్పీన్ వాళ్ల పక్కన కూర్చుని చూద్దాం. మా ఫోర్‌మన్ ఆ ఎర్ర బనియన్ వేసుకునే వస్తడు, నాకు తెలుసు.

ఉంటా మరి. ఒళ్లు జాగ్రత్త. ఇంటికి ఫోన్ చేయండి. వచ్చే శుక్రవారం కలుద్దాం.